అనుకున్న పని ఆగిపోయాక మళ్లీ గీయడం ఎలా: బెజవాడ, గుంటూరు చిత్రకారులకు సమగ్ర మార్గదర్శి

ఎగ్జిబిషన్ హాలు ఇస్తామన్నవాళ్లు చివరి నిమిషంలో కాదన్నారు. గోడ మీద బొమ్మ వేయమన్నవాళ్లు ఫోను ఎత్తడం లేదు. ఆర్నెల్లు కూర్చుని తయారుచేసిన దరఖాస్తు తిరిగొచ్చింది. ఆ తర్వాత పెన్సిల్ పట్టుకున్నా గీత సాగడం లేదు. నా దగ్గర డ్రాయింగ్ నేర్చుకున్నవాళ్లు, వాళ్ల స్నేహితులు ఇదే పరిస్థితిలో మళ్లీ మళ్లీ అడుగుతున్నారు, "ఇప్పుడేం గీయాలి మేడమ్?" అని.

నేను చేసి చూసిన పద్ధతినే వరసగా రాస్తున్నాను. దీనికి నెలా నెలన్నర పడుతుంది: లెక్కకు మూడు రోజులు, ఒకే చోటికి పది ఉదయాలు, ఏరుకోవడానికి ఒక రోజు, మిగిలినదంతా చిన్న బొమ్మలకు. వరస మార్చకండి. చాలామంది మూడో అడుగుతో మొదలుపెట్టి, పది ఊళ్లు తిరిగి, ఫోన్లో వెయ్యి ఫొటోలతో ఇంటికొచ్చి మళ్లీ అక్కడే ఆగిపోతారు.

నా సంగతి ముందే చెబుతాను, కింద దాన్నే ఉదాహరణగా వాడతాను కాబట్టి. ఒక హోటల్ లాబీ కోసం 12 కాన్వాసులు, ఒక్కొక్కటి మూడడుగులు బై నాలుగడుగులు, కృష్ణమ్మ మీద వేయాలని మాట అయింది. గెస్సో (రంగు పట్టడానికి ముందు పూసే తెల్లపూత) కొట్టి ఆరబెట్టాను. స్కెచ్‌లు చూపించాను, బాగున్నాయన్నారు. తర్వాత లాబీ డిజైనే మారిపోయిందని, పెయింటింగులు అక్కర్లేదని కబురు చేశారు. ఆ 12 తెల్ల కాన్వాసులూ మా హాల్లో గోడకు ఆనించి ఉండేవి. ఫ్రిజ్ తలుపు తీయాలంటే రెండు కాన్వాసులు పక్కకు జరపాలి. నలభై రోజులు అలా జరుపుతూనే ఉన్నాను, ఒక్క గీత పడలేదు.

## 1. మొదటి మూడు రోజులు: గీయకండి, లెక్క రాయండి

ఒక నోట్‌బుక్ తీసుకుని మూడు పేజీలకు మూడు పేర్లు పెట్టండి: సామాను, టైము, డబ్బు.

సామాను పేజీలో ఇంట్లో ఉన్న ప్రతి వస్తువూ సైజుతో సహా రాయాలి. "కొన్ని రంగులు ఉన్నాయి" అని రాస్తే లాభం లేదు. నా పేజీలో ఇలా ఉంది: కాన్వాసులు 12, అల్ట్రామెరైన్ ట్యూబులు 7, తెలుపు 4, ఎల్లో ఓకర్ సగం, చార్‌కోల్ ఒక పెట్టె. ఇది రాసేదాకా నా దగ్గర ఇంత నీలం పోగుపడిందని నాకే తెలియదు. తర్వాత వేసిన బొమ్మల్లో నీడలన్నీ నీలంగా ఉండటానికి కారణం ఆ ఏడు ట్యూబులే.

టైము పేజీలో, ఆగిన పని కోసం మీరు పక్కన పెట్టిన గంటలు రాయండి. ఆ గంటలు ఇంకా మీవే. ఇంట్లోవాళ్లు, చుట్టాలు వాటిని వేరే పనులకు సర్దేలోపే "పొద్దున ఆరు నుంచి ఎనిమిదిన్నర దాకా నాకు పని ఉంది" అని చెప్పేయండి. ఏం పని అని అడిగితే, పాత పనే అనండి. నెలా నెలన్నరే కదా.

డబ్బు పేజీలో అడ్వాన్సు ఎంత వచ్చింది, సామానుకు ఎంత పోయింది, రావాల్సింది ఎంత, ఇవ్వాల్సింది ఎంత అని రాయండి. తర్వాత పని ఇచ్చినవాళ్లకు ఒకే ఒక్క మెసేజ్ పెట్టండి. కోపం వద్దు, బతిమాలడం వద్దు: "నమస్తే అండి. పని ఆగిందని అర్థమైంది. ఇప్పటిదాకా సామానుకు ఇంత ఖర్చయింది, బిల్లులు పంపుతున్నాను. లెక్క ఈ నెలాఖరులోగా తేల్చగలరా?" జవాబు వచ్చినా రాకపోయినా మీవైపు పని అయిపోయినట్టే. ఈ మెసేజ్ పెట్టకుండా కొత్త బొమ్మ మొదలుపెడితే మనసు రోజూ ఫోన్ దగ్గరే ఉంటుంది.

ఇంకో మాట. డబ్బు తీసుకుని ఒకరి కోరిక మీద వేసిన పెయింటింగ్‌కి, వేరే ఒప్పందం లేకపోతే, మొదటి కాపీరైట్ హక్కు వేయించుకున్నవారిదే అవుతుంది. 1957 కాపీరైట్ చట్టం 17వ సెక్షన్ అలా చెబుతుంది. అందుకని అడ్వాన్సు తీసుకుని పూర్తిచేసిన బొమ్మల్ని ఇంకోచోట వాడే ముందు, "ఇవి నేను వాడుకోవచ్చు" అని వాళ్ల చేత రాతపూర్వకంగా అనిపించుకోండి. పైన చెప్పిన మెసేజ్‌లోనే ఆ ముక్క కూడా చేర్చవచ్చు.

పని ఆగింది మనుషుల వల్ల కాకపోవచ్చు కూడా. 2024 సెప్టెంబరులో బుడమేరు వాగు నీళ్లు బెజవాడ సింగ్‌నగర్ ఇళ్లలోకి వచ్చినప్పుడు నాకు తెలిసిన ఒకరి కాగితం బొమ్మలన్నీ తడిసిపోయాయి. అలాంటప్పుడు బురదను గుడ్డతో రుద్దకూడదు. దొంతరగా అతుక్కున్న కాగితాల్ని ఒక్కొక్కటిగా, తొందరపడకుండా విడదీసి, అచ్చులేని తెల్లకాగితాల మధ్య పరిచి, ఎండలో కాకుండా ఫ్యాను గాలికి ఆరబెట్టాలి. ఆరాక బురద పొడిగా మారుతుంది, మెత్తటి బ్రష్‌తో దులపవచ్చు. మరక మిగిలినా పారేయకండి, రెండో అడుగులో పనికొస్తాయి.

మూడు రోజులు అయ్యేసరికి చూసుకోవాల్సినవి:

- సామాను పేజీ సైజులతో సహా పూర్తయిందా?
- రోజులో ఏ గంటలు మీవో ఇంట్లో చెప్పారా?
- లెక్క తేల్చమని ఒక్క మెసేజ్ పెట్టారా?
- పాత స్కెచ్‌లు ఒక్కటీ చించకుండా ఒక అట్టపెట్టెలో పెట్టారా?
- కొత్త సామాను ఏదీ కొనలేదు కదా?

## 2. ఆగిన పనిలోంచి మీ ముక్కను విడదీయండి

ఏ పనిలోనైనా రెండు కోరికలు కలిసిపోయి ఉంటాయి: అడిగినవాళ్లది, మనది. పని ఆగినప్పుడు ఆగేది వాళ్ల కోరికే. మనది స్కెచ్‌లలో ఎక్కడో ఒక మూల ఉంటుంది. దాన్ని వెతికి బయటికి తీయడమే ఈ అడుగు.

పాత స్కెచ్‌లన్నీ మంచం మీద పరవండి. బాగా వచ్చినవి ఏరకండి. ఎవరూ అడగకపోయినా మీ చెయ్యి ఎక్కువసేపు ఆగిన చోట్లు వెతకండి. కాగితం నలిగిన చోటు, మూడుసార్లు చెరిపి గీసిన చోటు, అంచున ఊరికే గీసిన బొమ్మ. అలాంటి ప్రతి చోటా ఎర్ర పెన్సిల్‌తో చిన్న చుక్క పెట్టండి.

హోటల్‌వాళ్లు నన్ను అడిగింది నీళ్లు, ఆకాశం, ప్రశాంతత. నా చుక్కలు పడ్డవి మాత్రం వేరేచోట. సీతానగరం ఒడ్డున బోర్లించిన పాత పడవలు గీశాను. వాటిలో చెక్కకూ చెక్కకూ మధ్య తారు పూసిన అతుకుల్ని ఒకటికి రెండుసార్లు, పెద్దవి చేసి మరీ గీశాను. ముప్పై స్కెచ్‌లలో పదకొండింటికి చుక్క అక్కడే పడింది.

చుక్కలు చూశాక ఒక ప్రశ్న రాయండి. ఒక్కటే. కన్ను జవాబు చెప్పగలిగే ప్రశ్న అయి ఉండాలి. "ఓటమిని ఎలా చూపించాలి?" లాంటి ప్రశ్నతో ఎక్కడికి వెళ్లి ఏం చూస్తారు? నా ప్రశ్న, "రెండు ముక్కలు ఒకదాన్నొకటి పట్టుకున్న చోటు ఎలా ఉంటుంది?" ఒక కుర్రాడిది, "బరువు మోసేటప్పుడు మెడ ఎటు వంగుతుంది?" గుంటూరు అమ్మాయి ఒకరిది, "ఎరుపు ఎంతవరకు ఎరుపు?" ఇలాంటివి చాలు.

చుక్కలన్నీ చెల్లాచెదురుగా ఉండి ప్రశ్న కుదరకపోతే, ఎక్కువ చుక్కలు పడ్డ స్కెచ్ ఒక్కటి తీసి ఇంట్లోవాళ్లకు చూపించి "ఇందులో నీకు ముందు ఏం కనపడింది?" అని అడగండి. వాళ్ల మాటలోంచి ప్రశ్న తీయండి.

## 3. ఒక్క చోటు ఎంచుకోండి

పది చోట్లకు ఒక్కోసారి వెళ్తే పది పోస్ట్‌కార్డులు వస్తాయి. ఒక చోటికి పదిసార్లు వెళ్తే నాలుగో రోజు నుంచి ఆ చోటు మనకు వేరేగా కనపడటం మొదలవుతుంది. ఈ వ్యాసంలో నేను గట్టిగా పట్టుబట్టేది ఈ ఒక్క విషయం మీదే.

చోటుకు ఉండాల్సిన లక్షణాలు: ఇంటి నుంచి గంటలోపు చేరుకోవాలి, గంటసేపు ఎవరికీ అడ్డు కాకుండా కూర్చోగలగాలి, అక్కడ రోజూ ఏదో ఒకటి మారుతుండాలి లేదా చేతులతో ఏదో పని జరుగుతుండాలి. ఆగిన పని జరగాల్సిన చోటు మాత్రం అయి ఉండకూడదు. నేను నది జోలికే పోలేదు.

మన వైపు పనికొచ్చే కొన్ని చోట్లు చెబుతాను.

కొండపల్లి బొమ్మల కాలనీ. ఇబ్రహీంపట్నం దాటగానే వస్తుంది. తెల్ల పొణికి కర్ర చెక్కడం, ముక్కలు అతకడం, సున్నం పూయడం, రంగులు వేయడం అన్నీ గుమ్మాల్లోనే కనిపిస్తాయి. ఆకారం, అతుకు, చేతి పని మీద ప్రశ్న ఉన్నవాళ్లకు మంచిది. నేను ఎంచుకున్నది ఇదే.

గుంటూరు మిర్చి యార్డు. రంగు మీద, బరువు మీద, గుంపు మీద ప్రశ్న ఉన్నవాళ్లకు. ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా సరుకు బాగా వస్తుంది, మే నెలలో యార్డుకు ఎండాకాలం సెలవులు ఉంటాయి. లోపల తెలిసినవాళ్ల ద్వారా అనుమతి తీసుకునే వెళ్లండి. ముక్కుకు మాస్క్ తప్పనిసరి, మిర్చి తాకిన చేత్తో కళ్లు నలపకండి. టిక్కీలు (మిర్చి బస్తాలు) మోసే దారిలో కూర్చోవద్దు.

ఉప్పలపాడు చెరువు. గుంటూరుకు దగ్గర. గూడబాతులు, కొంగలు చెట్లమీద గుంపులుగా ఉంటాయి. చలికాలం పొద్దున్నే వెళ్లాలి. కదిలేవాటిని త్వరగా గీయడం నేర్చుకోవాలంటే ఇంతకు మించిన చోటు నాకు తెలియదు.

మంగళగిరి మగ్గాలు. గీతలు, అల్లిక, లయ. మగ్గం గుంటలో కాళ్లు ఆడేతీరు గీయాలంటే నేలమీద కూర్చోవాలి, చీకటిగా ఉంటుంది, అందుకని చార్‌కోల్ తీసుకెళ్లండి.

బందరు రోడ్డులో బాపు మ్యూజియం. ఎండాకాలంలో, వానల్లో ఇదే దిక్కు. శిల్పాలు కదలవు కాబట్టి కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు ధైర్యం. సెలవు రోజు కనుక్కుని వెళ్లండి.

ఊరు మధ్యలోంచి పోయే మూడు కాలువలు (ఏలూరు, బందరు, రైవస్) కూడా మంచివే, గట్టు మీద నీడ ఉన్న చోటు దొరికితే. ఉండవల్లి గుహలకు, ప్రకాశం బ్యారేజీకి వెళ్లవద్దని అనను. వాటి ఫొటోలు మన బుర్రలో ముందే అచ్చై ఉంటాయి, వాటిని దాటడానికే నాలుగు రోజులు పోతాయి. బ్యారేజీ, రైల్వే స్టేషన్ లాంటి చోట్ల ఎవరైనా అడిగితే స్కెచ్‌బుక్ తెరిచి చూపించండి, వద్దంటే లేచి వచ్చేయండి.

మనుషులు పనిచేసుకునే చోటికి వెళ్తే మొదటి రోజే చెప్పండి: "పది రోజులు వస్తానండి, మీ పనికి అడ్డు రాను, ఫొటోలు తీయను." ఏదైనా ఒకటి కొనండి. కొండపల్లి బొమ్మకు భౌగోళిక గుర్తింపు ఉంది, వాళ్ల బొమ్మను మక్కీకి మక్కీ దించి మీ డిజైన్‌గా అమ్ముకోవడం తప్పు. చూసి నేర్చుకోవడానికి ఎవరూ అడ్డు చెప్పరు.

## 4. పది ఉదయాలు

సంచిలో ఉండాల్సినవి:

- అరచేతికి కాస్త పెద్దదైన స్కెచ్‌బుక్, మామూలు కార్ట్రిడ్జ్ కాగితం చాలు
- 2బి, 6బి పెన్సిళ్లు, ఒక నల్ల పెన్ను
- ఆరు రంగుల చిన్న వాటర్ కలర్ డబ్బా, ఒక్క బ్రష్
- మంచినీళ్ల సీసా, టోపీ, కూర్చోవడానికి పాత దిండు గలీబు
- రబ్బరు వద్దు

మార్చి దాటాక మన ఎండల సంగతి తెలిసిందే. ఆరింటికల్లా అక్కడ ఉండి ఎనిమిదిన్నరకు లేచిపోండి. యాక్రిలిక్ వాడేవాళ్లకు పాలెట్ మీద రంగు నిమిషాల్లో గట్టిపడుతుంది. స్టీలు టిఫిన్ బాక్సులో తడిగుడ్డ పరిచి, దానిమీద బటర్ పేపర్ వేసి, ఆ కాగితం మీద రంగులు పెట్టుకోండి. మూత పెడితే మర్నాటికి కూడా తడిగానే ఉంటాయి.

1వ రోజు. బొమ్మ గీయవద్దు. నలభై నిమిషాలు కూర్చుని అక్కడ జరిగే పనుల్ని మాటల్లో రాయండి: గీరడం, ఊదడం, తిప్పి చూడటం, పక్కన పెట్టడం. ఇరవై రావాలి.

2, 3 రోజులు. నిమిషానికో బొమ్మ, రోజుకు ఇరవై. గీత ఒక్కటే, నీడలు వద్దు. చెత్తగా వస్తాయి. రానివ్వండి.

4వ రోజు. ఒకే వస్తువును ముప్పావు గంట గీయండి. దాన్ని జాగ్రత్తగా దాచండి, పదో రోజు దానితో పని ఉంది.

5వ రోజు. రంగుల లెక్క. బొమ్మ కాదు, గళ్లు గీసి ఒక్కో గడిలో కనిపించిన ఒక్కో రంగు కలిపి పెట్టాలి. "ఎరుపు ఎంతవరకు ఎరుపు?" అన్న గుంటూరు అమ్మాయి దీన్ని యార్డులో చేసింది. ఇరవై నాలుగు గళ్లలో తొమ్మిది మాత్రమే ఎరుపులు. మిగిలినవి ఇటుక రంగు, ఎండిన తొడిమల పచ్చ, గోనెసంచి రంగు, గింజల పసుపు. చివరి వరసలో గోధుమ, పాలమీగడ కలిసిన ఒక పాలిపోయిన రంగు. అది తాలుకాయలది. రంగు పోయి తెల్లబడ్డ కాయల్ని ఏరి వేరే కుప్ప పోస్తారు, వాటికి ధర తక్కువ. ఆ అమ్మాయి అంతకుముందు పోగొట్టుకున్న అవకాశం ఒక పెద్ద గోడ మీద మిర్చి రైతు బొమ్మ. ఎర్రటి కుప్ప, నవ్వే మొహం. ఇప్పుడు ఎర్రకుప్ప అంచున కనపడీ కనపడని తాలు కుప్పను గీయడం మొదలుపెట్టింది. పాలిపోయిన రంగు పక్కన పెడితేనే ఎరుపు మండుతుందని ఆ గళ్లే ఆమెకు నేర్పాయి.

6వ రోజు. కూర్చునే చోటు పదడుగులు మార్చండి. కుదిరితే ఆ రోజు సాయంత్రం వెళ్లండి.

7వ రోజు. గీయడం తక్కువ, వినడం ఎక్కువ. అక్కడివాళ్లు తమ పనిలో వాడే మాటలు రాసుకోండి. నాకు దారి దొరికింది ఈ రోజే. ఆ గుమ్మంలో ఒక పెద్దాయన ఏనుగు అంబారీ చేస్తున్నారు. ఏనుగు ఒళ్లు ఒక ముక్క, తొండం ఒక ముక్క, మావటి చేతులు రెండు పుల్లలంత. చింతగింజల జిగురులో రంపపు పొట్టు కలిపిన ముద్దను మక్కు అంటారు. దాన్ని బొటనవేలితో తొండం మొదట్లో నొక్కి, వేలు చుట్టూ తిప్పి, మిగిలింది గీరేశారు. తెల్లటి కర్ర మీద మక్కు పూసిన చోటు తడిగా, బెల్లం రంగులో, మెడ చుట్టూ దారం కట్టినట్టు ఉంది. ఇంకా కళ్లు లేవు, రంగు లేదు. ఒంటినిండా అతుకులే.

"ఇలాగే బాగుంది బాబాయ్" అన్నాను.

"అతుకు కనపడితే బొమ్మ తప్పమ్మా" అన్నారాయన. "ఆరిందాకా కనపడుద్ది. ఆకురాయి పెట్టి సున్నం కొట్టామంటే ఇంకెక్కడ కనపడుద్ది?"

ఆ రోజు ఇంటికొచ్చి ఫ్రిజ్ పక్కనున్న కాన్వాసుల్లో మొదటిదాన్ని గోడవైపు నుంచి ఇటు తిప్పాను.

8వ రోజు. అక్కడికి వెళ్లవద్దు. అదే టైముకు ఇంట్లో కూర్చుని గుర్తున్నది గీయండి.

9వ రోజు. నిన్నటి బొమ్మ తీసుకుని వెళ్లి, గుర్తు రాని భాగాలే గీయండి. ఎనిమిదో రోజు నేను గీసిన పెద్దాయనకు చేతులున్నాయి, పాదాలు లేవు. కర్రను కాలివేళ్ల మధ్య బిగించి పట్టుకుంటారని తొమ్మిదో రోజే చూశాను.

10వ రోజు. నాలుగో రోజు వస్తువునే మళ్లీ ముప్పావు గంట గీయండి. రెండు బొమ్మలూ పక్కపక్కన పెట్టి ఫొటో తీసి దాచుకోండి.

మధ్యలో ఒక రోజు తప్పితే కంగారు పడకండి, మర్నాడు తప్పిన రోజు పనితోనే మొదలుపెట్టండి. వరసగా మూడు రోజులు తప్పితే మాత్రం చోటు దూరమైందని అర్థం, దగ్గరది చూసుకోండి.

## 5. నేలమీద పరిచి ఏరుకోవడం

పదకొండో రోజు వెళ్లకండి. పన్నెండో రోజు కాగితాలన్నీ నేలమీద పరిచి, ఫ్యాను ఆపి, కుర్చీ ఎక్కి పైనుంచి చూడండి. మూడు కుప్పలు చేయండి: మళ్లీ మళ్లీ వచ్చినవి, ఒక్కసారే వచ్చి ఇంకా కళ్లముందు ఉన్నవి, మిగిలినవి.

మొదటి కుప్పలోంచి విషయం తీసుకోండి, రెండో కుప్పలోంచి కూర్పు. నా మొదటి కుప్పంతా అతుకులు. రెండో కుప్పలో ఒకే కాగితం, కిటికీ అంచున తలకిందులుగా ఆరబెట్టిన రంగులేని కాళ్లూ చేతులు. ఈ రెండూ కలిపితే తర్వాతి ఏడాది పని వచ్చింది.

ఈ రోజు ఎవరి సలహా అడగవద్దు. నిద్రపోయి లేచాక కూడా అవే కాగితాలు ఏరితే ముందుకు వెళ్లండి.

## 6. కొత్త పనికి హద్దులు పెట్టండి

పెద్ద పని పోయిందని వెంటనే అంత పెద్దదే పెట్టుకోవాలనిపిస్తుంది. ఆగండి. ముందు పోస్ట్‌కార్డు సైజులో ఎనిమిది. వాటిలోంచి మూడు ఏరి ఎ3 సైజులో. వాటిలో ఒకటి నిలబడితే అప్పుడు కాన్వాస్.

హద్దులు కాగితం మీద రాసి గోడకు అంటించండి. నావి: మూడు రంగులే (అల్ట్రామెరైన్, ఓకర్, తెలుపు), ఇంట్లో ఉన్న కాన్వాసులే, ఒక్కో బొమ్మలో ఒకే అతుకు, ఒక్కో బొమ్మకు పది రోజులకు మించి వద్దు.

పాత బొమ్మ మీద కొత్తది వేయాలనుకునేవాళ్లకు: కింద ఉన్నది యాక్రిలిక్ అయితే సన్నటి ఉప్పుకాగితంతో తేలిగ్గా రుద్ది, తడిగుడ్డతో తుడిచి, గెస్సో కొట్టి వాడుకోండి. కింద యాక్రిలిక్ ఉంటే పైన ఆయిల్ వేయవచ్చు. ఆయిల్ మీద యాక్రిలిక్ వేయకూడదు, పట్టు నిలవక పొరలుగా ఊడిపోతుంది. పాత గీతలు గట్లలా తేలితే వాటిని కూర్పులో వాడుకోండి, పూర్తిగా దాచాలని చూడవద్దు. వానాకాలంలో కాగితాలకు బూజు పట్టకుండా బీరువా గోడకు ఆనించకుండా నాలుగు వేళ్ల ఎడం ఉంచండి, పెట్టెలో సిలికా జెల్ పొట్లాలు వేయండి.

## 7. తరచూ జరిగే పొరపాట్లు, సరిదిద్దే తీరు

ఫొటో తీసుకుని ఇంట్లో గీయడం. కెమెరా అన్నిటినీ ఒకే శ్రద్ధతో చూస్తుంది. మనకు కావాల్సింది మన కన్ను ఎక్కడ ఆగిందో. పది రోజులూ ఫోన్ సంచి అడుగున ఉండాలి. ఇప్పటికే ఫొటోలు తీసేసి ఉంటే, ఒకదాన్ని రెండు నిమిషాలు చూసి, ఫోన్ ఆపేసి, గుర్తుతో గీయండి.

స్ఫూర్తి కోసం ఇన్‌స్టాగ్రామ్, పింటరెస్ట్ తిరగేయడం. పని పోయిన బాధలో ఉన్నప్పుడు ఎదుటివాళ్ల పూర్తయిన బొమ్మలు చూస్తే చెయ్యి ఇంకా బిగుసుకుంటుంది. ఐదో అడుగు అయ్యేదాకా మానేయండి.

కొత్త రంగులు కొనడం. కొన్న రోజు హుషారు ఉంటుంది, వారానికి పోతుంది. మొదటి ఎనిమిది చిన్న బొమ్మలూ పూర్తయ్యాకే షాపుకు వెళ్లండి.

ఆలోచనను అందరికీ చెప్పడం. చెప్పగానే సగం పని అయిపోయినంత తృప్తి వస్తుంది, తర్వాత గీయబుద్ధి కాదు. ఎ3 బొమ్మలు వచ్చాక ఒక్కరికి చూపించండి. ఆ ఒక్కరూ రంగులు, గీతలు తెలిసినవాళ్లయితే మేలు. చూపించేటప్పుడు పాత పని ఎలా పోయిందో చెప్పకండి. చెబితే వాళ్లు జాలితో చూస్తారు, బొమ్మను చూడరు.

కోపంతోనే బొమ్మ వేయడం. వేయండి, తప్పు లేదు. ఒక రోజు దానికే కేటాయించి నాలుగు కాగితాలు నింపి పెట్టెలో పెట్టేయండి. అవి నలుగురికీ చూపించేవి కావు.

మూడో రోజుకే విసుగు. ఇది పొరపాటు కాదు, దాదాపు అందరికీ వస్తుంది. చోటు మార్చకండి. నిమిషం బొమ్మల్ని ముప్పై సెకన్లకు తగ్గించండి, లేదా ఎడమచేత్తో గీయండి.

పది రోజులూ చేసినా చెయ్యి కదలకపోతే, చెయ్యి సంగతి పక్కన పెట్టి మీ సంగతి చూసుకోండి. నిద్ర లేకపోవడం, తిండి సహించకపోవడం రెండు వారాలు దాటితే డాక్టర్‌ని కలవండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416 నంబరుకు డబ్బు ఖర్చు లేకుండా ఫోన్ చేయవచ్చు, తెలుగులోనే మాట్లాడవచ్చు. బొమ్మలు ఎక్కడికీ పోవు.

## 8. పాత పని మళ్లీ వెతుక్కుంటూ వస్తే

ఇది జరుగుతుంది. ఆర్నెల్ల తర్వాత ఫోన్ వస్తుంది, "ఆ పని ఇప్పుడు చేద్దామా?" అని. వెంటనే సరే అనకండి, కోపంతో కాదనకండి. రెండు రోజులు గడువు అడిగి, ఇవి చూసుకోండి:

- కొత్త పనిలో ఎన్ని బొమ్మలు మిగిలాయి, వాటికి ఎన్ని రోజులు?
- ఈసారి సగం డబ్బు ముందే ఇస్తారా?
- రద్దు చేస్తే ఎంత ఇవ్వాలో, కాపీరైట్ ఎవరిదో కాగితం మీద రాస్తారా?
- పాత స్కెచ్‌లే కావాలా, ఇప్పుడు మీరు గీసే తీరు ఒప్పుకుంటారా?

హోటల్‌వాళ్లు నాకు ఏడో నెలలో ఫోన్ చేశారు, దసరాలోపు నాలుగు కాన్వాసులు కావాలని. అప్పటికి 12లో తొమ్మిది అతుకులతో నిండిపోయాయి. తెల్లవి మూడే మిగిలాయని, నది బొమ్మలు కావాలంటే సంక్రాంతి తర్వాతే మొదలుపెడతానని, సగం ముందు ఇవ్వాలని చెప్పాను. ఆలోచించుకుని చెబుతామన్నారు. మర్నాడు పొద్దున పదో కాన్వాస్ తీసి ఈజిల్ మీద పెట్టాను. ఫ్రిజ్ తలుపు ఇప్పుడు పూర్తిగా తెరుచుకుంటోంది.